గనికి వెల్ల

మా అత్తగారికి ఒక పట్టింపు ఉండేది. వెలుగుతున్న పొయ్యి పక్కన పిండి జల్లించనిచ్చేవారు కాదు. "భగ్గుమంటుందే పిల్లా" అనేవారు. కొత్తకోడలిని కదా, లోలోపల నవ్వుకునేదాన్ని. పిండేమిటి, భగ్గుమనడమేమిటి!

అలా నవ్విన పెద్దమనుషులు అమెరికాలోనూ ఉండేవారని ఈమధ్యే చదివాను. వాళ్ళు బొగ్గు గనుల యజమానులు. గని పేలిందంటే మీథేన్ వాయువు వల్లేననీ, అది లేనిచోట ఉత్త బొగ్గు నుసి ఏం చేస్తుందనీ చాలామంది వాదన. బొగ్గు పెళ్ల నెమ్మదిగా రాజుకుంటుంది, నిజమే. నుసై గాలిలోకి లేస్తే మాత్రం రేణువు రేణువు చుట్టూ గాలే. అన్నీ ఒక్కసారి అంటుకుంటాయి. ఆ విసురుకి ముందున్న నుసి లేస్తుంది, అదీ అంటుకుంటుంది.

1907 డిసెంబరు 6న వెస్ట్ వర్జీనియాలో మొనాంగా గని పేలింది. లెక్కకు అందినవాళ్ళే 362 మంది. పదమూడు రోజులకు పెన్సిల్వేనియాలోని డార్ గనిలో 239 మంది పోయారు. మొనాంగాలో ఒక ఇల్లాలికి భర్త శవమైనా దక్కలేదు. ఆవిడ రోజూ గని దగ్గరికి వెళ్ళి ఓ బస్తా బొగ్గు మోసుకొచ్చి ఇంటిపక్కన పోసేదట, ఆయన మీద బరువు తగ్గుతుందని. ఏళ్ళ తరబడి పోస్తే అది గుట్టయింది. ఇక్కడికి వచ్చేసరికి నేను పుస్తకం మూసేసి కాసేపు పెరట్లోకి వెళ్ళిపోయాను.

1910లో అక్కడి ప్రభుత్వం గనుల బ్యూరో పెట్టి, పిట్స్‌బర్గ్ దగ్గర బ్రూస్టన్‌లో ఓ గని తవ్వకం మొదలుపెట్టింది. బొగ్గు అమ్ముకోవడానికి కాదు, పేల్చి చూడడానికి! 1911 అక్టోబరు 30న నలుగురినీ పిలిచి, వాళ్ళ కళ్ళెదుటే నుసిని పేల్చి చూపించారు.

విరుగుడు చూస్తే మరీ మన ఇంటి వ్యవహారం. సున్నపురాయిని మెత్తగా పొడిచేసి గోడలకీ, కప్పుకీ, నేలకీ చల్లడం. సంక్రాంతికి వెల్ల వేయించినట్టు గని తెల్లబడుతుంది. పేలుడు విసురుకి నుసితోపాటు ఈ పొడీ లేచి, మంట వేడిని తాగేస్తుంది. ఆలోచన ఇంగ్లండులో ముందే ఉంది. ఎంత నుసికి ఎంత పొడి కావాలో బ్రూస్టన్‌లో ఏళ్ళ తరబడి పేల్చి పేల్చి లెక్క తేల్చారు.

చిక్కేమిటంటే, మనకు వెల్ల ఏడాదికోసారి. అక్కడ నుసి రోజూ పడుతుంది, పొడీ చల్లుతూనే ఉండాలి. ఖర్చు, చాకిరీ, చేసినన్నాళ్ళూ చేసినట్టే కనబడదు. ఇల్లు ఊడ్చుకునేవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పాలా?

బ్యూరో 1996లో మూతపడింది. 2010 ఏప్రిల్ 5న అప్పర్ బిగ్ బ్రాంచ్ గనిలో పేలుడుకు 29 మంది బలయ్యారు. చల్లవలసినంత రాతిపొడి చల్లలేదని విచారణలో తేలింది. గాలి లోపలికి వెళ్ళే దారుల్లో పడే ధూళిలో నూటికి 65 పాళ్ళు మండనిది ఉండాలన్న నిబంధనను ఆ ఏడాదే 80కి పెంచారు. ఆ గని కూడా వెస్ట్ వర్జీనియాలోదే.