పాశర్లపూడి మంట, యానాం పెట్రోలు

మా కోనసీమలో బండి ఉన్నవాడికి యానాంలో ఎప్పుడూ ఏదో ఒక పని తగులుతూనే ఉంటుంది. చుట్టాలింట్లో శుభకార్యమో, చేపల బేరమో, పైకి చెప్పుకోని ఇంకేదో పనో. ఏ పని మీద వెళ్లినా ఎదుర్లంక వారధి దాటాక అవతల టాంకు నింపుకోకుండా వెనక్కి రాడు. యానాం పుదుచ్చేరిది, అక్కడ పన్ను తక్కువ. ఇవతల ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాటు, దానిపైన లీటరుకు ఇంకో 4 రూపాయలు, రోడ్ల సెస్సు మరో రూపాయి. లీటరు దగ్గర పది రూపాయలకు పైనే తేడా పడుతుంది. మా మామిడికుదురు మండలం వైపు నుంచి కేవలం పెట్రోలు కోసమే వెళ్తే ఆ మిగిలేది పోనూ రానూ ఖర్చుకే చాలదని లెక్కలు వేసి చెప్పేవాళ్లు ఉన్నారు. చెప్పి, వాళ్లూ వెళ్తారు.

దేశంలో పెట్రోలు ఖరీదైన రాష్ట్రాల్లో మాది ఒకటి. నేల కింద గ్యాసూ చమురూ ఉన్న ప్రాంతమూ మాదే. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి బయటివాళ్లు ఆశ్చర్యపోతారు. మాకు ఆశ్చర్యం ఎప్పుడో పోయింది. ఇంధనం ధర అనేది మా ఊళ్లోకి ఒక్క బంకు దారినే రాలేదు. కొబ్బరితోటల్లోంచి వచ్చింది, కువైట్ నుంచి వచ్చింది, రెండుసార్లు నిప్పై వచ్చింది. తెలిసినంత మేరకు రాసిపెడుతున్నాను.

గోదావరి లక్షల ఏళ్లుగా మోసుకొచ్చి పోసిన ఒండ్రు కింద ఇంకా పాత రాతిపొరలున్నాయి. వాటిలో చిక్కుకున్న గ్యాసు కోసం 1978లో నరసాపురంలో ఓఎన్‌జీసీ లోతు బావి తవ్వింది, గ్యాసు కనబడింది. తర్వాత 80ల్లో రాజోలు, తాటిపాక, పాశర్లపూడి. అన్నట్టు, మాది పాశర్లపూడి. వంశీ గారి కథల పసలపూడి రామచంద్రపురం వైపుది. పొరుగు జిల్లాల వాళ్లు ఇప్పటికీ కలిపేస్తుంటారు, వాళ్లది కథల ఊరు, మాది గ్యాసు ఊరు.

బావి తవ్వే రిగ్గు వస్తోందంటే ముందు రోడ్డుకు తెలిసేది. బండి బాటలకీ సైకిళ్లకీ సరిపోయే కాలవగట్టు దారుల మీద వందల టన్నుల ఇనుము ట్రైలర్ల మీద వచ్చేది. తూములు కుంగేవి. తోటలో నాలుగైదు ఎకరాలు చదును చేసి గ్రావెలు పోసి 'సైటు' అనేవారు. చెట్టుకింతని పరిహారం, ఎకరానికింతని ఏటా లీజు. తోట యజమానికి డబ్బు అందేది. అదే తోటలో కాయలు దింపు తీసేవాళ్లకీ, పీచు తీసేవాళ్లకీ ఏమీ అందేది కాదు. వాళ్లలో కొందరు అదే సైటులో కాంట్రాక్టరు కింద కూలికి చేరారు. మా ఊరికి చమురు పని తెలిసింది అలాగే.

రిగ్గు మీద పని గురించి సినిమాల్లో చూపించేదానికీ నిజానికీ పోలిక లేదు. షిఫ్టు పన్నెండు గంటలు. పద్నాలుగు రోజులు పని, పద్నాలుగు రోజులు సెలవు. ఇది కంపెనీ ఉద్యోగులకు. కాంట్రాక్టు కూలీకి పని ఉన్న రోజే రోజు. డీజిలు ఇంజన్ల హోరులో పక్కవాడి మాట వినపడదు, అంతా చేతి సైగలే. ఒక్కో డ్రిల్లు పైపు ముప్పై అడుగులుంటుంది. బావి రెండున్నర వేల మీటర్లు దాటిందంటే లోపల దాదాపు మూడు వందల పైపులు ఒకదానికొకటి బిగించి ఉన్నట్టు. కింద రాయి కోసే బిట్టు అరిగితే ఆ మూడు వందలూ పైకి లాగాలి. మూడేసి చొప్పున విప్పి మాస్తు అనే ఇనుప గోపురంలో నిలబెట్టాలి, బిట్టు మార్చి మళ్లీ అన్నీ దింపాలి. వానొచ్చినా, అర్ధరాత్రయినా అది మధ్యలో ఆగే పని కాదు. కింద ఫ్లోరు మీద రిగ్‌మాన్‌లు టాంగులనే పెద్ద పట్టకార్లతో పైపు మరలు విప్పుతుంటే, తొంభై అడుగుల ఎత్తున చిన్న పలక మీద నడుముకు బెల్టు కట్టుకుని టాప్‌మాన్ నిలబడి, ఊగుతూ వచ్చే పైపు కొసను ఒడిసిపట్టి గూట్లోకి నెడతాడు. వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఎక్కువగా ఆ టాంగుల దగ్గరే పోగొట్టుకుంటారు.

ఆ టాప్‌మాన్‌ను కింద నుంచి చూసిన మా ఊరి దింపు కార్మికుడొకాయన, నలభై ఏళ్లు కొబ్బరిచెట్లెక్కిన మనిషి, అన్న మాట నాకు గుర్తుంది: "చెట్టయితే ఒక్కచోట నుంచుంటాదండి. ఇది వణుకుద్దండి. ఎన్ని రూపాయలిచ్చినా నేనెక్కనండి."

మావాళ్లకు ఎక్కువగా దొరికింది మడ్డు పని. బావిలోకి బురద లాంటి ద్రవం ఎక్కిస్తారు, దాన్నే మడ్డు అంటారు. తవ్విన రాతిపొడిని అది పైకి తెస్తుంది, బిట్టును చల్లబరుస్తుంది. వాటన్నిటికంటే ముఖ్యంగా, కింద నుంచి తోసుకొచ్చే గ్యాసును తన బరువుతో అణచిపెడుతుంది. ఆ బరువు కోసం కలిపేది బెరైటీసు, మన రాయలసీమ వాళ్ల ముగ్గురాయి. ప్రపంచంలోకెల్లా పెద్ద నిల్వల్లో ఒకటి కడప వైపు మంగంపేటలో ఉంది. ఆ బస్తాలు భుజాన మోసి, కోసి, తొట్టెలో పోయడం మా కుర్రాళ్ల పని. ముక్కుకు తుండుగుడ్డే మాస్కు. సాయంత్రం కాలవలో ఎంత రుద్దుకున్నా ఆ పొడి వెంట్రుకల్లోంచి పోయేది కాదు. మా బాబాయి కొన్నాళ్లు ఆ పని చేసి, తర్వాత ఆగిన సైటుకు వాచ్‌మన్‌గా చేరాడు. బావి నడిచినా ఆగినా కాపలావాడికి జీతం వస్తుందని ఆయన వాదన.

ఆ మడ్డు బరువు కింది ఒత్తిడికి ఒక్క క్షణం చాలకపోతే ఏమవుతుందో 1995 జనవరి 8న ప్రపంచమంతా చూసింది. పాశర్లపూడి 19వ నంబరు బావి, 2,700 మీటర్లు దాటిన లోతులో ఉండగా, గ్యాసు తన్నుకొచ్చి అంటుకుంది. అంత పెద్ద రిగ్గూ కరిగి కూలిపోయింది. మంట రెండు వందల మీటర్ల ఎత్తు లేచిందన్నారు. అమలాపురంలో మేడ ఎక్కినవాళ్లందరికీ కనిపించింది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. చప్పుడు మంట కంటే భయపెట్టేది. విమానం ఇంటిమీదే ఆగిపోయినట్టు రాత్రీ పగలూ ఒకటే హోరు. రాత్రిళ్లు లాంతరు అక్కర్లేకుండా పోయింది. సంక్రాంతి ఆ వెలుతురులోనే వచ్చి వెళ్లింది. పశువులు మేత మానేశాయని, పాలు తగ్గాయని రైతులు మొత్తుకునేవారు. దూరపు ఊళ్ల నుంచి మాత్రం జనం ఎడ్లబళ్ల మీదా ట్రాక్టర్ల మీదా చూడటానికి వచ్చేవారు.

ఇలాంటి మంటను నీళ్లతో ఆర్పలేరు. నీళ్లు మనుషుల్ని దగ్గరికి పోనివ్వడానికే. జల్లుల చాటున, వేడికి చర్మం చిట్లుతుండగా ముందుకెళ్లి, కరిగిన ఇనుమును ముక్కలు ముక్కలుగా లాగేసి, బావి నోరు శుభ్రం చేసి, దానికి కొత్త మూత బిగించాలి. అమెరికా నుంచి నిపుణుల్ని రప్పించారు, ఓఎన్‌జీసీ సొంత సిబ్బంది వాళ్లతో కలిసి పనిచేశారు. రెండు నెలలు దాటాక, మార్చి 15న, మూత పడింది. ఆ రోజు చప్పుడు ఆగేసరికి నిద్ర పట్టలేదని మా అమ్మ చెప్పేది.

మంట చూసినవాళ్లలో కువైట్ నుంచి వచ్చినవాళ్లు వేరుగా మాట్లాడేవారు. ఇరాక్ సేనలు 1991లో వెళ్లిపోతూ అక్కడ ఆరువందలకు పైగా బావులకు నిప్పుపెట్టాయి, పట్టపగలే ఆకాశం నల్లబడింది. మాది గ్యాసు మంట, పొగ తక్కువ. అక్కడిది చమురు మంట. ఇలా రెండు మంటలకు తేడా చెప్పగల మనుషులు మా రాజోలు, మలికిపురం వైపు ఊళ్లలో అరుగుల మీద దొరికేవారు. కోనసీమ నుంచి గల్ఫుకు వలస అప్పటికే పాతది. డ్రైవర్లు, వంటవాళ్లు, ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు, కొందరు చమురు కంపెనీల కాంట్రాక్టు కూలీలు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షమందికి పైగా మనవాళ్లను అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. మా మేనమామ ఒంటిమీద చొక్కాతో దిగాడు. అదే శరదృతువులో చమురు ధర రెట్టింపయింది, కేంద్రం పెట్రోలియం సరుకుల మీద సర్‌చార్జి వేసింది. బంకులో ధర పెరిగిన నెలలోనే మావాళ్లకు మనియార్డరు ఆగింది.

ఆ తర్వాత దీనికి తలకిందుల అనుభవం కూడా చూశాం. 2014 మధ్యలో పీపా 115 డాలర్ల దాకా పోయిన ముడిచమురు, 2016 మొదట్లో ముప్పైకి దిగింది. ప్రపంచానికి సంతోషం. మా వీధిలో గల్ఫు నుంచి ఫోన్లు: ప్రాజెక్టు ఆపేశారు, జీతం రావట్లేదు, ఇంటికి పంపేస్తామంటున్నారు. పోనీ బంకులో అయినా తగ్గిందా అంటే, కేంద్రం ఎక్సైజు సుంకం మెట్లుమెట్లుగా పెంచుకుంటూ పోయింది, తగ్గాల్సినదాంట్లో చాలా భాగం దానికే పోయింది. పెట్రోలు ధరను 2010 జూన్‌లో, డీజిలు ధరను 2014 అక్టోబరులో ప్రభుత్వం మార్కెట్టుకు వదిలేసింది. 2017 జూన్ నుంచి రోజువారీ మార్పు. మార్కెట్టు పెరిగినప్పుడు మార్కెట్టు ధర, తగ్గినప్పుడు పన్ను ధర. దీన్ని విడమరిచి చెప్పమని నన్నడిగినవాళ్లకు నేనెప్పుడూ సరిగా చెప్పలేకపోయాను, ఎందుకంటే చెప్పినా నమ్మరు.

డీజిలు పెరిగితే దెబ్బ తగిలేది కోతమిషనుకీ, ట్రాక్టరుకీ, రొయ్యల చెరువుల్లో కరెంటు పోయినప్పుడు తిప్పే జనరేటరుకీ. 2011లో కోనసీమ రైతులు వరి వేయకుండా పంట విరామం ప్రకటించారు. కారణాల్లో మురుగు పోకపోవడం, కూలీలు దొరకకపోవడం, ధాన్యానికి ధర లేకపోవడం ముందువి. పెట్టుబడి ఖర్చు పెరగడమూ వాటితో పాటే ఉంది, అందులో డీజిలు వాటా చిన్నదేమీ కాదు.

గ్యాసుకు మరో లెక్క. మా కింద ఉన్నది సిలిండర్లో వచ్చే గ్యాసు కాదు. ఇది మీథేను, పైపుల్లో పోయి కరెంటు కేంద్రాలకీ ఎరువుల ఫ్యాక్టరీకీ చేరేది. కొత్తకోడళ్లు "మీ ఊరి గ్యాసు మీకే ఇవ్వరా అత్తయ్యా" అని అడిగేవారు. దాని ధర ఢిల్లీలో డాలర్లలో తేలుతుంది. 2010 నుంచి యూనిట్టు 4.2 డాలర్లు. దాన్ని పెంచాలా వద్దా అన్న వాదన 2014లో ఎన్నికల ముందు నుంచి సాగింది. జూన్ 25న కొత్త కేంద్ర ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని మూడు నెలలు వాయిదా వేసింది. పేపర్లో ఆ వార్త మేం గురువారం చదివాం.

శుక్రవారం, జూన్ 27 తెల్లవారుజామున, మా మండలంలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పగిలింది. తాటిపాక నుంచి కొండపల్లి కరెంటు కేంద్రానికి గ్యాసు తీసుకెళ్లే పద్దెనిమిది అంగుళాల గొట్టం అది. పొగమంచులా పరుచుకున్న గ్యాసుకు ఎవరో పొద్దున్నే వెలిగించిన నిప్పు తగిలింది. నిద్రలో ఉన్నవాళ్లు, వాకిట్లో కళ్లాపి చల్లుతున్నవాళ్లు, ఇరవైమందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు మోడులై నిలబడ్డాయి. వాసన వస్తోందని ముందే చెప్పామని ఊరివాళ్లు విలేకరులకు చెప్పారు. విచారణలో తేలింది చాలా మామూలు సంగతి: పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తడి గ్యాసు పంపారు, నీరు తీసేసే యంత్రాంగం లేదు, లోపల తుప్పు పట్టింది. పాశర్లపూడి మంటను అదృష్టం బాగోలేదని సరిపెట్టుకోవచ్చు, మహాలోతులో ఏముందో ఎవరికి తెలుసు అనుకోవచ్చు. నగరంలో ఆ మాటకు చోటు లేదు. తుప్పు లోతుల్లోంచి రాదు.

నవంబరు 1 నుంచి గ్యాసు ధర 5 డాలర్లు దాటింది.

నేల మీద తీసిన చమురు, గ్యాసులకు రాయల్టీ రాష్ట్రానికి వెళ్తుంది. గ్యాసుకు పదో వంతు. సూరసానియానాం ఎదుట సముద్రంలోని రవ్వ క్షేత్రం లాంటివాటిది కేంద్రానికి. పంచాయతీకి నేరుగా వచ్చేదంటూ ఈ లెక్కలో లేదు. వచ్చేవి బస్ షెల్టరు, మంచినీళ్ల ప్లాంటు, బడికి బల్లలు, వాటి మీద కంపెనీ పేరు. 2001లో తాటిపాకలో ఏడాదికి 66 వేల టన్నుల బుల్లి రిఫైనరీ కూడా వచ్చింది. అలా అని తాటిపాక బంకులో ధర వేరేగా ఏమీ ఉండదు.

కుర్రాళ్లు ఇప్పుడు బస్తాలు మోయరు. కాకినాడలోనో విశాఖలోనో పెట్రోలియం చదువుకుని మెహసానాకో అస్సాంకో మస్కట్‌కో వెళ్తున్నారు. 2020 ఏప్రిల్లో అమెరికా చమురు ధర ఒకరోజు సున్నా కిందకి పోయినప్పుడు, క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చి చేరవలసిన మా అన్నయ్య కొడుక్కి ఆగమని మెయిలొచ్చింది. ఏడాది ఆగి, ఇప్పుడు బ్యాంకులో ఉన్నాడు.

పాత బావుల్లో ఒత్తిడి తగ్గి, మరమ్మతుల కోసం మళ్లీ రిగ్గులొస్తున్నాయి. కిందటేడాది మా వీధి చివరి రైతు దగ్గరికి లీజు పొడిగించడానికి ఇద్దరు కాగితాలతో వచ్చారు. ఆయన అద్దె గురించి అడగలేదు. "మా తోటలోంచి పోయే గొట్టం ఎప్పుడు వేశారండి, ఎప్పుడు మారుస్తారండి?" అన్నాడు. నగరం ప్రమాదం తర్వాత మా మండలంలో అందరూ అడిగే ప్రశ్నే అది. గొట్టాల సంగతి వేరే ఆఫీసు చూస్తుందని, తాము స్థలం వరకే వచ్చామని వాళ్లు చెప్పారు. ఆయన కాగితాలు రెండు వారాలు బల్ల మీదే ఉంచాడు. ఆ దింపుకు వెయ్యి కాయల ధర బాగా పడిపోయింది. సంతకం పెట్టి పంపించాడు.