క్వార్టర్ తాళం, ఇందాలో ఇల్లు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగి రిటైరైతే, మెడలో దండ వాడిన కొన్ని నెలలకే క్వార్టర్ తాళంచెవి అప్పగించాలి. అందుకే సర్వీసులో ఉండగానే, కాలనీ వెలుపల ఇందా లాంటి చోట రెండు గదులైనా వేసుకోవాలన్న తపన.

1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇక్కడ పెద్ద వర్క్‌షాపు నడపసాగింది. 1902లో వాల్తేరు–కటక్ లైను దాని చేతికొచ్చింది. నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల పల్లెజనం ఆ పట్టాలు పట్టుకునే ఇక్కడికి పనికోసం వచ్చారు. 1944 అక్టోబరులో సర్కారు కంపెనీని స్వాధీనం చేసుకుంది. 1955లో ఇది ఆగ్నేయ రైల్వే అయింది.

ఉద్యోగం, ఇల్లు, ఆస్పత్రి, బడి, సొంతూరికి వెళ్లే పాసు... అన్నీ సర్కారువే. దేశం కమ్యూనిస్టు దేశం కాకపోయినా, ఆ కుటుంబాల బతుకు మాత్రం సోవియట్ ఫ్యాక్టరీ పట్టణానికి చాలా దగ్గర. అన్నంపెట్టే ఆ చెయ్యే దండించింది కూడా. 1974 మే నెలలో 20 రోజులు సాగిన రైల్వే సమ్మెలో దేశమంతటా వేలమంది కార్మికులు జైళ్లకు వెళ్లారు, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు.

1977 నుంచి 34 ఏళ్లు కోల్‌కతాలో వామపక్ష ప్రభుత్వం. రైల్వే మాత్రం ఢిల్లీది. సోవియట్ యూనియన్ కూలిన మూడేళ్లకు, 1994లో, ముఖ్యమంత్రి జ్యోతిబసు ప్రభుత్వమే ప్రైవేటు పెట్టుబడిని ఆహ్వానిస్తూ పారిశ్రామిక విధానం ప్రకటించింది. ఖరగ్‌పూర్ శివార్లలో టాటా మెటాలిక్స్ దుక్క ఇనుము తీయడం మొదలైందీ ఆ దశకంలోనే.

సోవియట్ పట్టణంతో పోలిక ఇంటి దగ్గరే ఆగిపోతుంది. రష్యా 1991 జూలైలో చట్టం చేసి, సర్కారు ఫ్లాట్లను అందులో ఉంటున్నవాళ్లకే ఉచితంగా రాసివ్వసాగింది. అక్కడ ఫ్యాక్టరీ మూతపడినా తలదాచుకునే గోడలు మిగిలాయి. ఇక్కడ రైల్వే మూతపడలేదు, క్వార్టర్లూ చేతులు మారలేదు. ఉద్యోగాలే తరిగాయి. 1991లో దేశమంతటా 16 లక్షలు దాటిన రైల్వే సిబ్బంది ఇప్పుడు 12 లక్షల దరిదాపుల్లో ఉన్నారు. తండ్రి తర్వాత కొడుకు రైల్వేలో చేరతాడన్న ధీమా చెదిరింది.

2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చేందుకు ఆమోదించింది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు దక్కిన గౌరవమిది, దక్కవలసిందే. కానీ నాలుగు తరాలు ఈ ఊరిని నడిపిన రైల్వే బాధ్యత అక్కడితో తీరదు. తాతలు సుత్తి పట్టిన వర్క్‌షాపులో మనవళ్లకు అప్రెంటిస్ శిక్షణ, ఆ శిక్షణకు తగిన పని, రెండూ ఇదే ఊళ్లో దొరకాలి.