పెరటి గులాబి పూర్వచరిత్ర

జనగామ ఎఱ్ఱచెల్కలలోనైనను, మానుకోట పల్లెలలోనైనను, గోదావరి చెంతనున్న భూపాలపల్లి సీమలోనైనను, నాటు గులాబి యన్న సామాన్యనామముతో పెరటి మూలల పెరుగుచు, విశేషపోషణము నాశింపక పూచు పొదలలో ఎడ్వర్డు గులాబి యొకటి. దాని జన్మస్థానము మాత్రము హిందూమహాసముద్ర మధ్యమున, నేడు రీయూనియన్ అనబడుచున్న బూర్బన్ ద్వీపము.

ఆ ద్వీపమున ఫ్రెంచి వలసవారు తమ పొలములకు గులాబికంపలనే కంచెలుగా నాటుచుండిరి. మాటిమాటికి పూచు చీనాదేశపు గులాబియు, సౌరభమునకు పేరెన్నికగన్న డమాస్కసు గులాబియు అట్లు ఇరుగుపొరుగున పెరిగినందున, ఏ తోటమాలియు సంకల్పింపకయే, ఒకదాని పరిమళమును వేఱొకదాని పుష్పసమృద్ధిని పుణికిపుచ్చుకొన్న క్రొత్త మొక్క యొకటి ఉద్భవించినది. అదియే ఎడ్వర్డు గులాబి. ఆ ద్వీపపు రాజోద్యానమును పర్యవేక్షించుచుండిన నికొలాస్ బ్రెయాన్ 1817 ప్రాంతమున దానిని గుర్తించి, 1819లో విత్తనములను పారిసు చెంత ఓర్లియన్ ప్రభువు తోటను చూచుచుండిన ఆంత్వాన్ జాక్ కడకు పంపగా, అచ్చట బూర్బన్ గులాబుల వంశము విస్తరిల్లినది. డమాస్కసు గులాబియు సంకరజాతియే. దాని మువ్వురు పూర్వులలో నొకరు మధ్యాసియా వాసి యని 2000లో జపాను పరిశోధకులు జన్యుపరీక్షచే నిరూపించిరి. మన పెరటి పువ్వు వెనుక ఇంతటి దూరప్రయాణము గలదు!

గిన్నెవలె గుండ్రముగా విచ్చు ముదురు గులాబివన్నె రేకులు, దట్టమైన ముండ్లు, దండకును గుల్కందుకును పనికివచ్చు ఘాటైన వాసన ఎడ్వర్డు గులాబి లక్షణములు. జనగామ ప్రక్కనున్న పెంబర్తి శిల్పులు నిజాముల కాలమున ఇత్తడితో పాందానులతోబాటు అత్తరుదానులను గూడ తీర్చినారనిన, సుగంధమునకు ఈ సీమలో ఎంతటి ఆదరముండెనో ఊహింపవచ్చును.

నేడు ఎడ్వర్డు గులాబి తన పేరుతోగాక పరుల పేరుతో జీవించుచున్నది. అంగళ్లలో కొను వాసనలేని పెద్దపూల రకములు పెక్కింటిని దీని మొదటిపైననే అంటుకట్టుదురు. అంటు బ్రతికియుండగా మొదలునుండి చిగిర్చిన కొమ్మను త్రుంచుట న్యాయమే. అంటు ఎండిన పిదప ఆ మొదలును గూడ పెఱికివేయుట నా దృష్టిలో అన్యాయము. పాఠకులారా, మీ పెరటిలో అట్టి పొద మిగిలియున్నచో, వానలు వెలిసిన పిదప జేనెడు పొడవున ముదురుకొమ్మను కోసి, రెండు కణుపులు మట్టిలో దిగునట్లు నాటి, వేరూనిన మొక్కను పొరుగింటికి పంచుడు.