సేవారంగ మార్కెటింగ్ పరిశోధన

విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు, సమాజ సేవా సంస్థలు తమ సేవలు పొందేవారి అవసరాలను, అంచనాలను, సంతృప్తిని క్రమపద్ధతిలో తెలుసుకునేందుకు చేపట్టే అధ్యయనాన్ని సేవారంగ మార్కెటింగ్ పరిశోధన అంటారు. మార్కెటింగ్ సరుకుల అమ్మకానికే పరిమితం కాదని, లాభాపేక్ష లేని సంస్థలకూ వర్తిస్తుందని ఫిలిప్ కోట్లర్, సిడ్నీ లెవీ 1969లో ప్రతిపాదించడం దీనికి సైద్ధాంతిక పునాది అయింది.

సేవ చేతికి అందే వస్తువు కాదు కనుక దాని నాణ్యతను కొలవడం కష్టం. ఇందుకోసం పరశురామన్, జీతామ్ల్, బెర్రీ 1988లో ప్రచురించిన ‘సర్వ్‌క్వాల్’ అనే 22 అంశాల ప్రశ్నావళి భౌతిక వసతులు, విశ్వసనీయత, సత్వర స్పందన, భరోసా, వ్యక్తిగత శ్రద్ధ అనే ఐదు కోణాల్లో అంచనాకు, అనుభవానికి మధ్య ఉన్న అంతరాన్ని లెక్కిస్తుంది. ఉదాహరణకు, చెప్పిన వేళకు వైద్యుడు చూడాలన్న అంచనాకు ఏడింట 6, వాస్తవ అనుభవానికి 4 పాయింట్లను ఓపీ రోగి ఇస్తే, తేడా −2 అవుతుంది. ఈ రుణ విలువ సేవాలోపానికి సూచన. అనుభవాన్ని మాత్రమే కొలిస్తే చాలని వాదిస్తూ క్రోనిన్, టేలర్ 1992లో ‘సర్వ్‌పెర్ఫ్’ను ప్రతిపాదించారు.

అయితే చికిత్సలోని వైద్యపరమైన నాణ్యతను రోగి, కఠినమైన బోధన విలువను విద్యార్థి వెంటనే అంచనా వేయలేకపోవచ్చు. అందువల్ల సంతృప్తి సర్వేలను చికిత్సా ఫలితాలతో, అభ్యసన ఫలితాలతో కలిపి పరిశీలించవలసి ఉంటుంది.