పంజాగుట్టలో కూలిన బరువు

2007 సెప్టెంబరు 9, ఆదివారం రాత్రి. వాన పడుతోంది. హైదరాబాద్ పంజాగుట్టలో అప్పటికింకా కడుతూ ఉన్న ఫ్లైఓవర్‌లో ఒక భాగం, కింద పోతున్న వాహనాల మీద కూలిపోయింది. లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో బాంబులు పేలి, నలభై మందికి పైగా చనిపోయి అప్పటికి పదిహేను రోజులే. ఊరు ఇంకా ఆ భయంలోంచి తేరుకోలేదు. ఆ చప్పుడు వినగానే మళ్లీ బాంబే అనుకున్నారు చాలామంది. శిథిలాల కింద ఎందరున్నారో ఆ రాత్రి ఎవరూ చెప్పలేకపోయారు. నోటి నుంచి నోటికి పోతూ లెక్క పెరిగింది. చివరికి అధికారికంగా తేలింది ఇద్దరు. "ఇద్దరే కదా" అని ఊపిరి పీల్చుకున్నవాళ్లున్నారు. ఆ మాట నాకు ఈనాటికీ మింగుడుపడదు. ఆ రెండు ఇళ్లల్లో ఆ రాత్రి నుంచి రోజులు ఎలా గడిచాయో ఆ "కదా" అన్నవాళ్లకి తెలియదు.

ఇక ఆ కూలిన బరువు సంగతి. ఘనమీటరు కాంక్రీటు సుమారు రెండున్నర టన్నులు తూగుతుంది. ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, జానెడు మందం ఉన్న ఒక్క పలక పదిహేను, ఇరవై టన్నులు. అంటే రోడ్డు పనుల్లో మనం రోజూ చూసే ఈఎక్స్ 200 రకం ప్రొక్లెయినర్‌కు దగ్గరి బరువు. రాత్రి ట్రాఫిక్ పలచబడ్డాక అమీర్‌పేట రోడ్డు మీద ఆ ప్రొక్లెయినర్‌ని మోసుకుపోయే ట్రెయిలర్ని ఒకసారి ఆగి చూడండి. బూమ్‌ మడిచి, బకెట్‌ను బల్లకి ఆనించి ఉంటుంది. ట్రాకులకు ముందూ వెనకా చెక్క దుంగలు. నాలుగు మూలలా గొలుసులు. డ్రైవరు దిగి ప్రతి గొలుసూ పట్టి లాగి చూసి, టైర్లు తట్టి చూసి గానీ బండి కదిలించడు. బండి మీద ఎంత బరువుందో, యాక్సిల్‌కి ఎంత పడుతోందో, పరిమితికి ఇంకా ఎంత మిగిలిందో అతనికి తెలుసు. 2018లో కేంద్రం ఆ పరిమితులు పెంచింది. పెద్ద బళ్లకు 49 టన్నులున్నది 55 అయింది. ఎంత పెంచినా ఒక గీత అంటూ ఉంది, దాటితే జరిమానా ఉంది.

కట్టడం పూర్తయిన వంతెనకీ అలాంటి గీత ఉంటుంది. దానికి లోపల కొంత మిగులు బలం కూడా పెట్టి కడతారు. కడుతున్న వంతెన సంగతి వేరు. తన బరువు తాను మోసుకునే శక్తి దానికింకా రాలేదు. అది నిలబడి ఉన్నది తాత్కాలిక ఆసరాల మీద. అవి జరిగినా, వంగినా, కింద నేల నాని కుంగినా ఆపేది ఇంకేమీ లేదు. అందుకే పైన పని సాగుతున్నంతసేపూ కింద దారి మూసెయ్యాలి. పంజాగుట్ట లాంటి చౌరస్తాలో దారి మూస్తే నగరం స్తంభిస్తుంది, నిజమే. స్తంభించనివ్వాల్సింది.

ఆ ఫ్లైఓవర్ కడుతున్నది గామన్ ఇండియా. 1922లో పుట్టిన కంపెనీ. బొంబాయిలో గేట్‌వే ఆఫ్ ఇండియా పునాదుల పనితో పేరు తెచ్చుకుంది. పాట్నాలో గంగ మీద ఐదున్నర కిలోమీటర్లకు పైగా సాగే మహాత్మా గాంధీ సేతు కట్టి 1982లో అప్పగించింది. ఒకనాడు ఈ దేశంలో కాంక్రీటు వంతెన అంటే ముందు గుర్తొచ్చే పేర్లలో అదొకటి. ఆ సేతువు మీద ఓవర్‌లోడు లారీలు ఏళ్ల తరబడి తిరిగి, స్పాన్ల నడిమి కీళ్ల దగ్గర వంతెన కిందికి కుంగింది. చివరికి పైభాగమంతా తీసేసి ఉక్కుతో మళ్లీ కట్టాల్సి వచ్చింది. 2022లో గానీ ఆ పని పూర్తి కాలేదు.

పంజాగుట్ట తర్వాత ఆ కంపెనీకి గడ్డు రోజులు దాపురించాయి. 2009 జులై 12న ఢిల్లీలోని జమ్రుద్‌పూర్‌లో మెట్రో పని జరుగుతుండగా స్తంభం తలభాగం విరిగి, లాంచింగ్ గర్డరు కూలి ఆరుగురు పోయారు. బాధ్యత తనదేనని ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ ఆ రోజే రాజీనామా ఇచ్చారు, ముఖ్యమంత్రి ఒప్పుకోలేదు. మర్నాడు ఆ గర్డరును లేపబోయిన క్రేన్లు బరువు ఆపలేక అవే ఒరిగిపోయాయి. అదే ఏడాది డిసెంబరు 24న కోటాలో చంబల్ నది మీద హ్యుందాయ్‌తో కలిసి కడుతున్న వంతెన కూలింది. 48 మంది. దాదాపు అందరూ కూలీలు, సిబ్బంది. ఆ తర్వాత అప్పులు పెరిగాయి. 2015లో బ్యాంకులు బాకీలను వాటాలుగా మార్చుకునే దారి పట్టాయి. తొంభై ఏళ్లు దాటిన సంస్థ ముక్కలుముక్కలైంది. అంత నైపుణ్యం, అన్ని తరాల ఇంజనీర్ల అనుభవం అలా చెదిరిపోవడం నాకు కష్టంగానే ఉంటుంది. ఆ కష్టాన్ని చంబల్లో పోయిన 48 మంది పక్కన పెట్టి చూడలేను.

పంజాగుట్ట ఫ్లైఓవర్‌ని తర్వాత పూర్తి చేశారు. ఇప్పుడు దాని పక్కనే మెట్రో. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా 2018 సెప్టెంబరులో రైళ్లు మొదలయ్యాయి. దాదాపు ఏడాదికి, 2019 సెప్టెంబరు 22న, అదీ ఆదివారమే, వానకి అమీర్‌పేట స్టేషన్ కింద నిలబడ్డ ఒక యువతి మీద పైనుంచి పెచ్చు ఊడి పడింది. ఆమె బతకలేదు. రైలు మోసే స్తంభాలకు ఏమీ కాలేదు. ఊడింది చిన్న ముక్క.

రాజమండ్రిలో గోదావరి మీద 2015లో తెరిచిన నాలుగో వంతెనను ఇప్పటికీ అందరూ గామన్ బ్రిడ్జి అనే పిలుస్తారు. కంపెనీ పేరు అలా జనం నోట మిగిలింది. పంజాగుట్టలో పోయిన ఇద్దరి పేర్లు, వాళ్ల ఇంటివాళ్లు ఒప్పుకుంటే, ఆ ఫ్లైఓవర్ మొదటి స్తంభం మీద తెలుగులో, ఉర్దూలో చెక్కించాలని నా కోరిక. జీహెచ్ఎంసీకి అదేమంత ఖర్చు కాదు.