మోమియాయీ: మనిషిని మందుగా మింగిన కథ

మా ఉర్దూ మీడియం స్కూల్లో లెక్కలు చెప్పే ఉస్తాద్‌కి ఒక తకియా కలామ్ ఉండేది. హోమ్‌వర్క్ చేయని పిల్లాడి చెవి పట్టుకుని "మోమియాయీ నికాల్ దూంగా!" అనేవారు. తెలుగులో "తోలు తీస్తా" అన్నట్టు. మోమియాయీ అంటే ఏమిటో తెలీక ఇంటికొచ్చి నానీని అడిగాను. "ఫిరంగీల జమానాలో పిల్లల్ని ఎత్తుకుపోయి, తలకిందులుగా వేలాడదీసి, కింద సన్నని మంట పెట్టేవాళ్ళంట బేటా. తలలోంచి బొట్టు బొట్టుగా కారే నూనే మోమియాయీ. అందుకే మగ్రిబ్ దాటాక గల్లీలో తిరగొద్దనేది" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు హోమ్‌వర్క్ మాత్రం పూర్తిగా చేసుకెళ్ళాను.

జర్నలిస్టునయ్యాక ఆ లఫ్జ్ వెంట పడ్డాను. అది ఇంగ్లీషు వాళ్ళ "మమ్మీ"కి అసలు తల్లి అని తెలిసింది. ఫార్సీలో "మోమ్" అంటే మైనం. ఇరాన్‌లోని దారాబ్‌గిర్ద్ ప్రాంతంలో కొండ రాళ్ళలోంచి నల్లగా, జిగటగా ఊరే ఒక పదార్థాన్ని "మూమియా" అనేవారు. తారులాంటిదే. విరిగిన ఎముకలకి, దెబ్బలకి హకీములు దాన్ని దవాగా వాడేవారు. ఇబ్న్ సీనా కూడా దాని గుణాలు రాశాడు. మన అత్తార్ దుకాణాల్లో దొరికే సలాజీత్ దీనికి దగ్గరి చుట్టమే.

కథ తిరగబడింది తర్జుమాలో. పాత ఈజిప్టువాళ్ళు శవాలు పాడవకుండా వాటికి బంకలు, నూనెలు పూసేవారు. వేల ఏళ్ళకి అవి నల్లగా గట్టిపడి, చూడటానికి అచ్చం మూమియాలాగే ఉండేవి. అరబ్బీ వైద్య గ్రంథాలు లాటిన్‌లోకి వెళ్తున్నప్పుడు, 12వ శతాబ్దంలో, కొండ మూమియా కాస్తా శవాల్లోంచి తీసే మూమియాగా మారింది. ఆ తర్వాత శవంలో ఉన్న పదార్థం కాదు, శవమే మందు అయింది.

అయితే నేరమంతా ఫిరంగీల మీదికి నెట్టడం ఇన్సాఫ్ కాదు. 1200 ప్రాంతంలో ఈజిప్టులో ఉన్న మన హకీమ్ అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ ఏం రాశాడో చూడండి. పల్లెజనం సమాధుల్లోంచి తీసిన మూమియాను పట్నానికి తెచ్చి చవగ్గా అమ్ముతున్నారట. ఆయన కూడా అర దిర్హామ్ ఇచ్చి మూడు తలల నిండా ఉన్న సరుకు కొన్నాడు. కొండ మూమియా దొరక్కపోతే ఇదీ పనికొస్తుందని రాసుకున్నాడు. మూడు పుర్రెలకు అర దిర్హామ్!

యూరప్‌లో ఆ వ్యాపారం కొన్ని వందల ఏళ్ళు నడిచింది. ఫ్రాన్స్ బాద్‌షా మొదటి ఫ్రాన్సువా, ఎక్కడ గుర్రం మీంచి పడతాడో అని, మమ్మీ పొడిని ఎప్పుడూ దగ్గర ఉంచుకునేవాడని చెప్పుకుంటారు. గిరాకీ పెరిగితే కల్తీ రాకుండా ఉంటుందా? 1564లో గీ ద లా ఫోంతేన్ అనే ఫ్రెంచి వైద్యుడు అలెగ్జాండ్రియాలో ఒక వర్తకుడి గోదాముకి వెళ్ళి, ఇవి ఏ కాలం నాటివని అడిగాడు. వర్తకుడు నవ్వి, ఇవన్నీ నేనే తయారు చేశాను, నాలుగేళ్ళకి మించి పాతవి కావు అన్నాడట. అవి బానిసల శవాలు, రోగాలతో పోయినవాళ్ళ శవాలు. పైగా, అంత నాజూకుగా తినే మీవాళ్ళు శవాల్ని ఎలా తింటారో నాకు అర్థం కాదు అన్నాడట. ఈ ముచ్చట రాసిపెట్టినవాడు అంబ్రోజ్ పారే, ఫ్రాన్స్ రాజుల సర్జన్. ఈ మందు పనిచేయదు, వాంతులు మాత్రం తెస్తుంది అని 1582లో ఒక పుస్తకమే రాశాడు. ఎవరు విన్నారు?

తినడంతో ఆగలేదు. మమ్మీల్ని నూరి గోధుమ రంగు చేసి చిత్రకారులకి అమ్మారు. ఎడ్వర్డ్ బర్న్-జోన్స్ అనే ఆంగ్ల చిత్రకారుడు, తన రంగు ట్యూబులో ఉన్నది మనిషని తెలిసి హడలిపోయి, దాన్ని తోటలో గొయ్యి తీసి పాతిపెట్టాడు. ఆ దఫన్ చూసినవాళ్ళలో ఆయన భార్య అక్క కొడుకు రడ్‌యార్డ్ కిప్లింగ్ ఒకడు. మన ముంబైలో పుట్టినవాడే. 1834లో లండన్‌లో పెట్టిగ్రూ అనే సర్జన్ ఒక మమ్మీ కట్లు విప్పుతుంటే ఎంత జనం ఎగబడ్డారంటే, వాళ్ళ అతిపెద్ద పాదరీకి కూడా చోటు లేక వెనక్కి పంపేశారు. 1890లో ఈజిప్టు పిల్లుల మమ్మీలు సుమారు 19 టన్నులు లివర్‌పూల్ రేవులో దిగాయి, పొలాలకి ఎరువుగా. వేలంపాట పాడినవాడు సుత్తికి బదులు ఒక పిల్లి తలే వాడాడట.

ఇంత చేశాక, భయపెట్టేది మమ్మీయే అన్నారు! 1922లో టుటన్‌ఖామున్ సమాధి బయటపడింది. ఆ తవ్వకానికి డబ్బు పెట్టిన లార్డ్ కార్నర్వాన్ మరుసటి ఏడాది దోమకాటు పుండు ముదిరి చనిపోయాడు. పత్రికలు "శాపం" అన్నాయి. సమాధి తెరిచిన హోవర్డ్ కార్టర్ మాత్రం 1939 దాకా బతికాడు. 1932లో వచ్చిన "ది మమ్మీ" సినిమా రాసిన జాన్ బాల్డర్‌స్టన్, అంతకుముందు ఆ సమాధి వార్తలు పంపిన రిపోర్టరే. అంటే మా బిరాదరీవాడే. మేం ఎంత దూరమైనా వెళ్తామని నేను ఒప్పుకుంటున్నాను.

ఇక నానీ కథ. ఆమె కల్పించింది కాదది. తెల్ల సాహెబ్‌లు పిల్లల్ని పట్టుకుని మోమియాయీ తీస్తారనే అఫ్వా ఉత్తర హిందుస్తాన్‌లో గట్టిగా ఉండేదని విలియం క్రుక్ అనే ఇంగ్లీషు అధికారి 1890లలో రాశాడు. అదే దశాబ్దంలో బొంబాయిలో ప్లేగు వచ్చింది. రోగుల్ని బలవంతంగా ఆస్పత్రులకి తీసుకుపోతుంటే, లోపల మోమియాయీ తీస్తున్నారన్న పుకారు లేచింది. సాహెబ్‌లు దీన్ని జాహిల్ జనం మూఢనమ్మకం అన్నారు. నూనె తీయడం అబద్ధమే. ఆ భయం వల్ల ఆస్పత్రికి వెళ్ళక ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళూ ఉండే ఉంటారు. కానీ ఆ జనానికి తెలియని సంగతి ఒకటుంది. ఆ సాహెబ్‌ల తాత ముత్తాతలు మందు పేరుతో మనుషుల్ని నిజంగానే మింగారు. అఫ్వాలో వివరాలన్నీ తప్పు, అనుమానం మాత్రం పూర్తిగా తప్పు కాదు.

మొన్న సెలవుల్లో పిల్లల్ని హైదరాబాద్‌లో బాగ్-ఎ-ఆమ్‌లోని మ్యూజియంకి తీసుకెళ్ళాను. అక్కడ ఒక ఈజిప్టు మమ్మీ ఉంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చారని, ఏడో నిజాం మ్యూజియంకి ఇచ్చేశారని చెబుతారు. ఫిరౌన్ కూతురని, చిన్న వయసులోనే పోయిందని అంటారు. గాజు పెట్టె చుట్టూ కుర్రాళ్ళు సెల్ఫీలు దిగుతున్నారు. "లేస్తుంది రా, పరిగెత్తు!" అని ఒకడు అరిస్తే అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, అబద్ధమెందుకు.

నా కూతురు మాత్రం నవ్వలేదు. గాజుకి ముక్కు ఆనించి చాలాసేపు చూసి, "అబ్బూ, ఈమె ఇక్కడుందని వాళ్ళమ్మీకి తెలుసా?" అంది.

ఏం చెప్పాలో తోచలేదు. మన ఇంట్లో మయ్యత్ అయితే గుసుల్ ఇచ్చేటప్పుడు చెయ్యి కూడా మెల్లగా వేస్తాం. ఎముక విరగకూడదంటాం. ఆ పిల్లకీ ఎవరో అంతే జాగ్రత్తగా కట్టు కట్టి ఉంటారు. తెలీదు బేటా అన్నాను. సెల్ఫీ కోసం పైకెత్తిన ఫోన్‌ని జేబులో పెట్టుకుని, పిల్లల చేతులు పట్టుకుని బయటికొచ్చాను.