నిశ్శబ్దముగా తిరుగు పళ్లెము

1948లో అమెరికాలోని కొలంబియా సంస్థ నిమిషమునకు 33⅓ సార్లు తిరుగు గ్రామఫోను రికార్డును విడుదల చేసినది. పాత 78 రికార్డుకంటె దీని గాడి మిక్కిలి సన్నము. గాడిలోని వంపులు సూదిని కదల్చగా, ఆ కదలిక విద్యుత్తుగా మారి, స్పీకరులో పాటగా వినబడును. అయితే సూదికి పాట ఏదో, మోటారు అదురు ఏదో తెలియదు. ఆ అదురు కూడ గురగుర ధ్వనిగా పాటలో కలియును. పళ్లెము వేగము తడబడినచో శ్రుతియే చలించును.

ఈ చిక్కును తీర్చుటకు ఎడ్గార్ విల్చర్ పూనుకొనెను. ఆయన సంస్థ అకౌస్టిక్ రిసెర్చ్ 1961లో వెలువరించిన యంత్రములో మోటారు రబ్బరు బెల్టుతో పళ్లెమును త్రిప్పును. సాగు గుణముగల బెల్టు అదురును చాలవరకు అణచివేయును. అంతేకాక పళ్లెమును, సూదిని మోయు చేతిని ఒకే చట్రముపై బిగించి, ఆ చట్రమును స్ప్రింగులపై నిలిపిరి. పడవ ఊగినను అందు కూర్చున్న ఇద్దరి నడుమ దూరము మారదు. అట్లే చట్రము కదలినను సూదికి, గాడికి నడుమ అదనపు కదలిక కలుగదు.

1970లో జపానులోని మత్సుషిత సంస్థ మరియొక మార్గము త్రొక్కినది. దాని ఎస్‌పి-10 యంత్రములో బెల్టే లేదు. పళ్లెమంత నెమ్మదిగా తిరుగు మోటారే దానిని నేరుగా త్రిప్పును.

ఇట్టి పాత యంత్రములు నేటికిని చక్కగా పలుకవలెనన్న, ఇరుసుకు నూనె వేయవలెను. వదులైన బెల్టును, అరిగిన సూదిని మార్చవలెను. బెల్టు చెడినచో మరియొకటి వేయవచ్చును. అరిగిన సూది గాడిని చెక్కివేసినచో, ఆ రికార్డులోని గానము మరల రాదు.